జార్జ్ ఫ్లాయిడ్ నిరసనల వ్యాసం: పేరు దగ్గరే ఆగిపోయాను

కొత్తచేయి · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మరణం తర్వాత జరిగిన నిరసనల మీద తెలుగు వికీపీడియాకి వ్యాసం రాస్తున్నాను. ఇంకా నా ప్రయోగశాల పేజీలోనే ఉంది, బయటికి తేలేదు. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువాద పరికరంలో వేసి మొదలుపెట్టాను గానీ రెండు పేరాలకే చేతులెత్తేశాను.

పేరు "జార్జ్ ఫ్లాయిడ్ నిరసనలు" అని పెట్టాను. మొదటి వాక్యం ఇది: "జార్జ్ ఫ్లాయిడ్ 2020 మే 25న మినియాపోలిస్ నగరంలో ఒక పోలీసు అధికారి చేత చంపబడ్డాడు." ఇంటర్ చదివే మా తమ్ముడికి చూపిస్తే "ఇంతకీ ఈ ఫ్లాయిడ్ ఏం నిరసనలు చేశాడక్కా?" అని అడిగాడు. అప్పట్నుంచి ఒక్క అక్షరం ముందుకు కదల్లేదు. కాస్త చూసి చెప్పండి.

పాతడెస్కు · సోమవారం రాత్రి 10:15

అమ్మా, మీ తమ్ముడి ప్రశ్న సరైనదే. "గాంధీ నిరాహార దీక్ష" అంటే గాంధీ చేసిన దీక్ష. మరి "ఫ్లాయిడ్ నిరసనలు" అంటే ఫ్లాయిడ్ చేసినవనే కదా ఎవరైనా అనుకునేది! "జార్జ్ ఫ్లాయిడ్ హత్యపై నిరసనలు" అనండి, పీడా వదులుతుంది.

"చంపబడ్డాడు" సంగతి. ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను, ఆ "బడు"ని కొట్టేయడంలోనే ఎన్ని ఎర్ర పెన్నులు అయిపోయాయో! ఇంట్లో ఎవరమైనా "పిల్లి చేత పాలు తాగబడ్డాయి" అంటామా? ఇంగ్లీషువాడు కర్తని దాచిపెట్టి కూడా వాక్యం నడిపించగలడు. మనకి ఆ సౌకర్యం తక్కువ. "చనిపోయాడు" అంటే ఎవరూ ఏమీ చేయనట్టు, "చంపాడు" అంటే ఎవరో చెప్పి తీరాలి. రెండూ ఇబ్బందే అనుకున్నప్పుడు డెస్కులో మేం వాడిన మధ్యేమార్గం "పోలీసుల చేతిలో మృతి". దాని అన్నగారు "ఎదురుకాల్పుల్లో మృతి". అవతలి నుంచి నిజంగా కాల్పులు జరిగాయా లేదా అని ఒక్కసారి కూడా కనుక్కోకుండా ఆ శీర్షిక పెట్టిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అందుకే చెబుతున్నా, ఆ మొదటి వాక్యం మీద ఎంత కాలం కూర్చున్నా తప్పులేదు.

గుంటూరు వకీలు · సోమవారం రాత్రి 11:02

"హత్య" అనే ముందు ఒక్క నిమిషం. ఆ మాట వేయడానికి తీర్పు ఉండాలి. ఈ కేసులో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. 2021 ఏప్రిల్ 20న జ్యూరీ, ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన పోలీసు అధికారి డెరెక్ షోవిన్‌ని మూడు నేరారోపణల్లోనూ దోషిగా తేల్చింది. జూన్ 25న ఇరవై రెండున్నరేళ్ల శిక్ష పడింది. ఇంగ్లీషు వికీపీడియా కూడా మొదట్లో "మరణం" అనే పేరుతోనే వ్యాసం నడిపి, తర్వాత "చంపడం" అనే అర్థమొచ్చే మాటకి మారి, తీర్పు వచ్చాకే "హత్య"కి వెళ్లింది. ఒకే వ్యాసానికి ఏడాది లోపే మూడు పేర్లు. దాని చర్చాపేజీ చదవండి, మా కోర్టులో వాదనల కంటే రసవత్తరంగా ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. శవపరీక్ష చేసిన కౌంటీ వైద్యాధికారి ఆ మరణానికి వాడిన "హోమిసైడ్" అనే మాటని మన పత్రికలు నేరుగా "హత్య" అని దించేశాయి. వైద్యుడి భాషలో ఆ మాటకి అర్థం "మరో మనిషి చర్య వల్ల వచ్చిన మరణం" అని మాత్రమే. అది నేరమా కాదా అన్నది కోర్టు తేల్చాలి. ఈ రెండూ కలిపేస్తే వ్యాసం అక్కడే పట్టు తప్పుతుంది.

కొత్తచేయి · మంగళవారం ఉదయం 7:20

వకీలు గారూ, ఆ మూడు నేరాల పేర్లే నన్ను ఏడిపిస్తున్నాయి. "సెకండ్ డిగ్రీ మర్డర్, థర్డ్ డిగ్రీ మర్డర్" అని ఉన్నదున్నట్టు రాసేశాను. పర్లేదా?

గుంటూరు వకీలు · మంగళవారం ఉదయం 7:48

అయ్యో తల్లీ! తెలుగులో "థర్డ్ డిగ్రీ" అంటే ఏమిటి? స్టేషన్లో లాఠీలతో కుళ్ళబొడవడం. పైగా ఇక్కడ నిందితుడు పోలీసు. "థర్డ్ డిగ్రీ హత్య" అని చదివినవాడు స్టేషన్లో పెట్టి చిత్రహింసలతో చంపారనే అనుకుంటాడు. జరిగింది నడిరోడ్డు మీద, పట్టపగలు... కాదు, రాత్రి ఎనిమిది దాటాక. కానీ అక్కడ మే నెలలో ఆ వేళకి ఇంకా వెలుతురే.

పేరు కంటే అర్థం రాయండి. మొదటిది, చంపాలన్న ఉద్దేశం లేకపోయినా దాడిలాంటి నేరం చేస్తూ ప్రాణం తీయడం. రెండోది, ఎదుటివాడి ప్రాణం ఏమైపోయినా లెక్కలేనంత ప్రమాదకరమైన పని చేసి చంపడం. మూడోది, నేరపూరితమైన నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమవడం. మన శిక్షాస్మృతితో పోల్చకండి. గీతలు అక్కడ వేరుగా గీశారు, పోలిస్తే తప్పుదారి పట్టిస్తాం.

సందేహం · మంగళవారం ఉదయం 10:30

నాకో అభ్యంతరం. అందరూ "నిరసనలు, నిరసనలు" అంటున్నారు. టీవీలో మేం చూసింది తగలబడుతున్న బిల్డింగులు, దుకాణాల్లోంచి టీవీలు ఎత్తుకెళ్తున్న జనం. దాన్ని అల్లర్లు అనకపోతే పక్షపాతం కాదా? తటస్థ దృక్కోణం అని రూలు పెట్టుకున్నది మీరే కదా.

మొలకలరాయుడు · మంగళవారం ఉదయం 11:05

కెమెరా మంట దగ్గరికే వెళ్తుంది అన్నా, ఖాళీ రోడ్డు మీద కూర్చున్న వాళ్ల దగ్గరికి వెళ్లదు. లెక్కలు చూద్దాం. ప్రపంచవ్యాప్తంగా ఘర్షణల వివరాలు నమోదుచేసే ఏక్లెడ్ అనే సంస్థ 2020 మే 26 నుంచి ఆగస్టు 22 వరకూ ఈ ఉద్యమానికి సంబంధించి 7,750కి పైగా ప్రదర్శనలు నమోదు చేసింది. 2,440కి పైగా ప్రాంతాల్లో. వాటిలో 93 శాతానికి పైగా హింస గానీ విధ్వంసం గానీ లేకుండా జరిగాయి. హింస జరిగినవి 220 కంటే తక్కువ ప్రాంతాలు.

అలాగని మిగతాది దాచమని కాదు. మే 28 రాత్రి మినియాపోలిస్‌లో మూడో ప్రీసింక్ట్ పోలీస్ స్టేషన్‌ని తగలబెట్టారు. దేశమంతా కలిపి బీమా కంపెనీలు కట్టాల్సిన నష్టమే వంద నుంచి రెండొందల కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని అంచనా వేశారు. ఇవీ వ్యాసంలో ఉండాలి. కానీ పేరు మాత్రం ఎక్కువగా జరిగినదాన్ని బట్టే.

సందేహం · మంగళవారం ఉదయం 11:31

ఏడు శాతమంటే ఐదొందలకి పైనే. ఐదొందల ప్రదర్శనల్లో గొడవ జరిగితే చిన్న విషయమా?

మొలకలరాయుడు · మంగళవారం ఉదయం 11:40

చిన్నది కాదు. అందుకే దానికి విడిగా ఒక విభాగం ఉంటుంది. కానీ వాక్యం ఎలా రాస్తామన్నది చూసుకోవాలి. "నిరసనకారులు స్టేషన్ తగలబెట్టారు" అని రాస్తే ఊరేగింపులో పిల్లల్ని ఎత్తుకుని నడిచిన వాళ్లందరూ అగ్గిపెట్టె పట్టుకున్నట్టే. "కొందరు స్టేషన్‌కి నిప్పు పెట్టారు" అనాలి. ఒక్క "కొందరు" చాలు.

సందేహం · మంగళవారం ఉదయం 11:52

సరే, ఆ "కొందరు" నాకు ఓకే. మరి పోలీసుల విషయంలో? "పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు" అని రాసేటప్పుడు అక్కడ కొందరు ఉండరా?

పాతడెస్కు · మంగళవారం మధ్యాహ్నం 12:20

సందేహం గారూ, మంచి దెబ్బ కొట్టారు, నిజంగానే. పోలీసులు ఒక ఆదేశం మీద వరసగా కదులుతారు కాబట్టి "పోలీసులు" అన్నా చెల్లుతుంది అనుకుంటాం. కానీ ఏ శాఖ, ఏ ఊరు, ఎవరి ఆదేశం అని రాయగలిగిన చోట రాయాల్సిందే. ఉదాహరణకి జూన్ 1న వాషింగ్టన్‌లో శ్వేతసౌధం ఎదురుగా ఉన్న లఫాయెట్ స్క్వేర్‌ని ఖాళీ చేయించినప్పుడు ఒక్క శాఖ కాదు, చాలా శాఖలు ఉన్నాయి. "పోలీసులు" అని ఒక్క మాటలో కట్టిపడేయలేం.

మినసోటా చలి · మంగళవారం రాత్రి 8:10

నేను మినియాపోలిస్ శివార్లలోనే ఉంటాను, పన్నెండేళ్లుగా. ఆ వారం లేక్ స్ట్రీట్ మీద నేను చూసినవి కొన్ని వ్యాసానికి ఇవ్వొచ్చా? దుకాణాలకి ప్లైవుడ్ చెక్కలు కొట్టేశారు. వాటి మీద స్ప్రే పెయింట్‌తో "లోపల పిల్లలున్నారు" అనీ, "ఇది నల్లవాళ్ల దుకాణం" అనీ రాసుకున్నారు. మేం ఎప్పుడూ వెళ్లే గాంధీ మహల్ అనే రెస్టారెంటు కాలిపోయింది, ఒక బంగ్లాదేశీ కుటుంబానిది. ముందు రాత్రుల్లో గాయపడ్డ వాళ్లకి అందులోనే చోటిచ్చారు. తర్వాత ఆ సంఘటన జరిగిన 38వ వీధి, షికాగో అవెన్యూ కూడలికి కూడా వెళ్లాను. ఆ కిరాణా కొట్టు ముందు రోడ్డంతా పూలు. వానకి తడిసిన అట్టముక్కల మీద రంగు కారిపోయి ఉంది. నా పక్కన ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లు తెచ్చి ఒక్కో ఉత్తరానికీ తొడుగుతోంది.

మొలకలరాయుడు · మంగళవారం రాత్రి 8:35

అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ వ్యాసంలో పెట్టలేం. మనం కళ్లారా చూసింది వికీకి మూలం కాదు, మౌలిక పరిశోధన కిందికి వస్తుంది. గాంధీ మహల్ కాలిన సంగతి పత్రికల్లో వచ్చింది కాబట్టి అది రాయొచ్చు. ఆ ప్లాస్టిక్ కవర్ల పెద్దావిడ మాత్రం మీ బ్లాగులోనే ఉండాలి.

ఫొటోలు ఏమైనా తీశారా? అవి మాత్రం కావాలి.

మినసోటా చలి · మంగళవారం రాత్రి 8:50

చాలా ఉన్నాయి. గోడ మీద ఫ్లాయిడ్ బొమ్మ వేశారు కదా, అది బాగా వచ్చింది. అదే పంపుతా.

మొలకలరాయుడు · మంగళవారం రాత్రి 9:05

అదొక్కటే వద్దు! ఫొటో మీది, బొమ్మ గీసినవాళ్లది. అమెరికా చట్టంలో బహిరంగంగా ఉన్న భవనాలని ఫొటో తీసి స్వేచ్ఛగా పంచుకోవచ్చు గానీ గోడబొమ్మలకీ శిల్పాలకీ ఆ వెసులుబాటు లేదు. వికీ ఫొటోలు ఉంచే కామన్స్‌లో పెడితే తీసేస్తారు. కూడలి మొత్తం కనబడేట్టు, జనంతో, దూరం నుంచి తీసినది ఉంటే ఇవ్వండి. ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన అసలు వీడియో కూడా పెట్టలేం, దాని హక్కులు తీసిన అమ్మాయివి.

కొత్తచేయి · బుధవారం ఉదయం 6:55

ఆ అమ్మాయి దగ్గరే ఇంకో చిక్కు. డార్నెల్లా ఫ్రేజియర్‌కి అప్పటికి పదిహేడేళ్లు. "వీడియో తీసింది" అనాలా, "తీశారు" అనాలా? ఫ్లాయిడ్‌ని "అతడు" అనీ పోలీసు అధికారిని "ఆయన" అనీ రాశానని నిన్న రాత్రి చూసుకున్నాను. కావాలని చేయలేదండీ. అలా వచ్చేసింది!

పాతడెస్కు · బుధవారం ఉదయం 7:30

మీకే కాదు, అందరికీ అలాగే వచ్చేస్తుంది. ఏ జిల్లా ఎడిషన్ తిరగేసినా కలెక్టరు "తెలిపారు", ఎస్పీ "వెల్లడించారు", చచ్చిపోయిన కూలీ "మరణించాడు". చదివేవాడికి తెలియకుండానే ఎవరి మాట నమ్మాలో ఆ "రు" చెప్పేస్తుంది. ఈ విషయంలో వికీ పద్ధతి నాకు నచ్చుతుంది, అందరికీ ఏకవచనమే. షోవిన్ మోకాలు పెట్టాడు, ఫ్లాయిడ్ చనిపోయాడు, ఫ్రేజియర్ వీడియో తీసింది. మొదట్లో మొరటుగా అనిపిస్తుంది, పది వ్యాసాలు రాశాక అలవాటవుతుంది. 2021లో పులిట్జర్ బోర్డు ఆమెకి ప్రత్యేక పురస్కారం ఇచ్చింది, అది మరిచిపోకండి.

ఆ వీడియో ఎందుకంత ముఖ్యమో కూడా ఒక వాక్యం పడాలి. పోలీసు శాఖ మొదట విడుదల చేసిన ప్రకటన శీర్షికకి తెలుగు చేస్తే "పోలీసులతో వ్యవహారం సందర్భంగా వైద్యపరమైన సమస్యతో వ్యక్తి మృతి". మోకాలి ప్రస్తావనే లేదు. "అధికారిక ప్రకటన ఉంది కదా, ఇంకేం మూలం కావాలి" అనే వాళ్లకి నేను ఇప్పుడు ఈ ఒక్క ఉదాహరణే చెబుతున్నాను.

గుంటూరు వకీలు · బుధవారం ఉదయం 8:12

నిమిషాల లెక్క కూడా జాగ్రత్త. మొదట 8 నిమిషాల 46 సెకన్లు అన్నారు. జనం అంతసేపు మౌనంగా నేల మీద పడుకుని నిరసన తెలిపింది ఆ అంకె మీదే. విచారణలో ప్రాసిక్యూషన్ చెప్పింది 9 నిమిషాల 29 సెకన్లు. జరిగిన సంగతి చెప్పే చోట రెండోది, నిరసన గుర్తు గురించి చెప్పే చోట మొదటిది రాయండి. ఎవరో ఒకరు వచ్చి "రెండు చోట్లా వేర్వేరుగా ఉంది, తప్పు" అని సరిచేయబోతారు. అందుకని ఎందుకలా ఉందో అక్కడే చెప్పేయండి.

ఉర్దూగల్లీ · బుధవారం మధ్యాహ్నం 1:15

ఆలస్యంగా వచ్చాను. నాకు ఇబ్బందిగా ఉన్న మాట "జాతి". ఇదే మాటతో మనం భారత జాతి అంటాం, తెలుగు జాతి అంటాం, పశువుల్లో ఒంగోలు జాతి అంటాం, ఊళ్లో అయితే కులానికీ అదే. ఇప్పుడు "జాతి న్యాయం కోసం నిరసనలు" అని రాస్తే ఎవడికి ఏం అర్థం కావాలి? పోనీ "వర్ణ వివక్ష" అందామంటే వర్ణం అనగానే మనకి నాలుగు వర్ణాలు గుర్తొస్తాయి, పైగా దక్షిణాఫ్రికా పాలనకి ఆ మాట అంటుకుపోయింది.

కొత్తచేయి · బుధవారం మధ్యాహ్నం 2:40

నేను "జాతి వివక్ష" అని వాడాను. దానికి పత్రికల్లో అర్థం స్థిరపడిందని. "జాతి న్యాయం" మాత్రం తీసేసి "నల్లజాతీయులపై పోలీసు హింసకీ జాతి వివక్షకీ వ్యతిరేకంగా" అని విడమరిచాను. పొడుగైంది గానీ తమ్ముడికి అర్థమైంది.

ఉర్దూగల్లీ · బుధవారం మధ్యాహ్నం 3:05

పొడుగైతే పొడుగైంది. "నల్లజాతీయులు" బాగుంది. పాత పుస్తకాల్లో ఉన్న "నీగ్రో" మాత్రం ఎక్కడా రాకుండా చూడండి. మన దగ్గర పెద్దవాళ్లు తిట్టుగా కాకుండా మామూలుగానే రాసేవాళ్లు, ఇప్పుడు చెల్లదు. 2020 జూన్‌లో ఏపీ వార్తాసంస్థ, మన ఏపీ కాదు అసోసియేటెడ్ ప్రెస్, ఇంగ్లీషులో "బ్లాక్" అనే మాటకి పెద్దక్షరం వాడాలని నిర్ణయించింది. మనకి పెద్దక్షరం చిన్నక్షరం గొడవే లేదు, ఆ పేరా అనువదించి ప్రయోజనం లేదు.

సందేహం · బుధవారం సాయంత్రం 5:20

అప్పట్లో వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయం ముందున్న గాంధీ విగ్రహాన్ని కూడా పాడుచేశారు. తెలుగు చానెళ్లలో రెండు రోజులు అదే చూపించారు. వ్యాసంలో దానికి విభాగం ఉండాలి కదా?

మొలకలరాయుడు · బుధవారం సాయంత్రం 5:45

జరిగింది నిజమే, అప్పటి అమెరికా రాయబారి క్షమాపణ కూడా చెప్పాడు. కానీ విభాగం ఇవ్వలేం, ఒక వాక్యం సరిపోతుంది. కోటిన్నర నుంచి రెండుకోట్ల అరవై లక్షల మంది దాకా పాల్గొన్నారని సర్వేల ఆధారంగా న్యూయార్క్ టైమ్స్ లెక్కగట్టిన ఉద్యమం ఇది. మన టీవీలో ఎంతసేపు చూపించారన్నది కొలత కాదు. విగ్రహాల విభాగంలో అసలు ముందు రావాల్సింది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్. జూన్ 7న బానిస వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని పడగొట్టి, దొర్లించుకుంటూ తీసుకెళ్లి రేవులో పడేశారు. దాని తర్వాతి వాక్యంలో గాంధీ విగ్రహం.

సందేహం · బుధవారం సాయంత్రం 6:02

ఒక వాక్యమైనా దక్కింది. సంతోషం.

కొత్తచేయి · బుధవారం రాత్రి 9:30

చివరిగా ఇంకో రెండు. "బ్లాక్ లైవ్స్ మ్యాటర్"ని అనువాద పరికరం "నల్ల జీవితాల విషయం" అంది. చాలాసేపు నవ్వుకుని, పేరుని అలాగే ఉంచి, 2013లో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి కాల్చి చంపిన కేసులో నిందితుడు నిర్దోషిగా బయటికి వచ్చాక ముగ్గురు నల్లజాతి మహిళలు మొదలుపెట్టారని రాశాను. అర్థం మాత్రం ఒకసారి చెప్పాలి కదా. "నల్లవాళ్ల ప్రాణాలకు విలువుంది" అనాలా, "ప్రాణాలకూ విలువుంది" అనాలా?

రెండోది ఫ్లాయిడ్ ఆఖరి మాట. "నేను శ్వాస తీసుకోలేకపోతున్నాను" అని రాశాను.

ఉర్దూగల్లీ · బుధవారం రాత్రి 9:50

ఆ "కూ" కావాల్సిందే. ఇంగ్లీషులో లేకపోవచ్చు గానీ వాళ్ల మనసులో ఉన్నది అదే. "మరి మిగతావాళ్ల ప్రాణాలకి విలువ లేదా" అని అక్కడ మొదలైన వాదనంతా ఆ ఒక్క అక్షరం వినబడక వచ్చిందే.

గుంటూరు వకీలు · బుధవారం రాత్రి 10:04

వద్దు. నినాదంలో లేనిది మనం చేరిస్తే అది వ్యాఖ్యానం అవుతుంది. అలా అర్థం చేసుకోవాలని ఉద్యమకారులే వివరించారంటే ఆ వివరణని వాళ్ల పేరుతో రాయండి. నినాదంలోకి దూర్చకండి.

పాతడెస్కు · బుధవారం రాత్రి 10:20

దీని మీద నా ఓటు వకీలు గారికే, మనసు మాత్రం ఉర్దూగల్లీ వైపు.

ఆఖరి మాట గురించి. మెడ మీద మోకాలున్న మనిషి "శ్వాస తీసుకోలేకపోతున్నాను" అంటాడా అమ్మా? అది డాక్టర్ చీటీలో రాసే భాష. "ఊపిరాడటం లేదు". అంతే. 2014లో న్యూయార్క్‌లో పోలీసులు పట్టుకున్నప్పుడు ఎరిక్ గార్నర్ అన్నదీ ఇవే మాటలు, పదకొండు సార్లు. రెండు చోట్లా ఒకే తెలుగు పడాలి, లేకపోతే ఆ సంబంధం చదివేవాడికి అందదు.

కొత్తచేయి · గురువారం ఉదయం 6:40

మార్చాను. "కూ" తీసేశాను, వివరణ కింద వేరే వాక్యంగా ఇచ్చాను. మొదటి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది:

"2020 మే 25న మినియాపోలిస్‌లో పోలీసు అధికారి డెరెక్ షోవిన్, నేల మీద బోర్లా పడుకోబెట్టిన జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద 9 నిమిషాలకి పైగా మోకాలు నొక్కిపెట్టి అతణ్ణి చంపాడు."

తమ్ముడికి చూపించాను. ఈసారి ఏమీ అడగలేదు. వీడియో ఎక్కడుందని మాత్రం అడిగాడు, నేను చూపించలేదు.

మినసోటా చలి · గురువారం ఉదయం 7:15

కూడలి ఫొటో ఎక్కించాను, లైసెన్సు కూడా పెట్టాను. బొమ్మ కనబడకుండా అడుగుభాగం కత్తిరించాను, ఆ మూల పెద్దావిడ చెయ్యి కొంచెం పడింది. ఉంచొచ్చా?

మొలకలరాయుడు · గురువారం ఉదయం 7:22

ఉంచండి అక్కా, ముఖం లేదుగా.

కొత్తచేయి గారూ, పత్రికల్లో "చౌవిన్" అని చూసినవాళ్లు వెతుకుతారు, అక్కడి నుంచి "షోవిన్"కి దారిమార్పు పెట్టండి. నాలుగో పేరాలో "మినియాపొలిస్", మిగతా అన్ని చోట్లా "మినియాపోలిస్" ఉంది. అది నేను సరిచేశాను.